మోటారుకారు లేని కాపురము: ఐరోపా పట్టణములును, పల్లెలును

ఐరోపాఖండమను మాట వినఁగనే మనవారిలో ననేకులకు ధనసమృద్ధియు, యంత్రసమృద్ధియు మనస్సునకుఁ దోఁచును. అచ్చట ప్రతిగృహము నెదుటను ఒక మోటారుకారు నిలిచియుండుననియు, అది లేనివాఁడు దరిద్రుఁడుగా నెన్నఁబడుననియు మన బాలురు తలంచుట కలదు. ఈ తలంపు సగము నిజము, సగము పొరపాటు. వియన్నా, జూరిచ్, ఆమ్‌స్టర్‌డామ్ మొదలగు పట్టణములలో కారు కొనఁగల శక్తి యుండియు కొననివారు వేలకొలఁదిగాఁ గలరు. వారికి దానివలన నే కొఱఁతయుఁ గనఁబడదు. కాని ఆ దేశములలోనే పట్టణమును విడిచి దూరపుఁ బల్లెలోనికిఁ బోయినచో, కారు లేని కుటుంబము మందు తెచ్చుకొనుటకును, బిడ్డను బడికిఁ బంపుటకును ఇరుగుపొరుగువారి దయకై యెదురుచూడవలసి వచ్చును. దేశ మొక్కటియే, ప్రభుత్వ మొక్కటియే. ఇంత భేద మేల కలిగెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఇది దూరదేశపు ముచ్చట గదా, మనకేల యని చదువరులు తలఁపవలదు. నేఁడు తెలుగుబిడ్డలు అనేకులు ఉన్నతవిద్యకై జర్మనీ మొదలగు దేశములకుఁ బోవుచున్నారు. వారు దిగిన మొదటివారమే తెలిసికొనవలసిన సంగతులలో నిది యొకటి. అదియునుగాక, కాళ్లు తప్ప వేఱు వాహనము లేనివాఁడు ఊరిలో నెట్లు బ్రతుకఁగలఁడను ప్రశ్న ఏ దేశమునందైనను విచారింపఁదగినదే.

మొదట కొంచెము చరిత్రము చెప్పవలెను. రైలుబండి రాకపూర్వము ఐరోపావాసులలో సామాన్యులు నడచియే పోవుచుండిరి; కలిగినవారు గుఱ్ఱపుబండ్లపైఁ బోవుచుండిరి. అందుచేత పాతపట్టణములు నడచి దాఁటఁగలిగినంత మేరలోనే యిమిడియుండెను. ఇండ్లు ఒకదానినొకటి యానుకొని, అంగడులు వీధిమొగమునను, కాపురములు మేడలమీఁదను ఉండెడివి. తరువాత రైళ్లు వచ్చినవి. 1863వ సంవత్సరమున లండనులో భూమిక్రింద నడచు రైలుమార్గము తెఱవఁబడెను. 1896లో బుడాపెస్టునకును, 1900లో పారిసునకును అట్టి మార్గములే లభించినవి. వీధులలో మొదట గుఱ్ఱములు లాగిన ట్రాములును, పిమ్మట విద్యుచ్ఛక్తిచే నడచు ట్రాములును వ్యాపించినవి. కాఁబట్టి మోటారుకారు పుట్టుటకు ముందే పట్టణవాసులకు కారు లేని జీవనము చక్కఁగా నేర్పడియుండెను.

కార్ల్ బెంజ్ అను జర్మనుదేశీయుఁడు తన మూఁడుచక్రముల మోటారుబండికి 1886లో హక్కుపత్రము పొందెను. 1888లో నాయన భార్య బెర్తా బెంజ్ తన యిద్దఱు కొమాళ్లను వెంటఁబెట్టుకొని, భర్తతోఁ జెప్పకయే యా బండిమీఁద మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌నకుఁ బోయెను. దారిలో ఇంధనము చాలక వీస్లోక్ అను ఊరి మందుల యంగడిలో దానిని కొనవలసివచ్చెను. అప్పటికి కారు ఒక వింత. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాతనే యది సామాన్య కుటుంబములకుఁ జేరినది. అది చేరిన కొలఁదిని పాతసాధనములకు చోటు తగ్గినది. పారిసులో ట్రాములు 1938 నాఁటికే అంతరించినవి. లండనులో 1952లో కడపటి ట్రాము నడచినది. పారిసు ప్రాంతమున మరల క్రొత్త ట్రాముమార్గము వేయుటకు 1992వ సంవత్సరమువఱకు ఆఁగవలసివచ్చెను. ఉన్నదానిని తీసివేయుట సులభము, తిరిగి నిలుపుట కష్టమని దీనివలనఁ దెలియును.

ఇఁక పట్టణములలో కారు లేకయే యెట్లు జరుగుచున్నదో చూతము. దీనికి మూలము జనసాంద్రత. ఒక వీధిలో వేలమంది యుండిరేని, ఆ వీధిగుండఁ బోవు ట్రామునకు ఎల్లవేళల ప్రయాణికులుందురు. ప్రయాణికులున్నందున బండ్లను తఱచుగా నడుపవచ్చును. ఆఱు నిమిషముల కొక బండి వచ్చుచోట, వేళ చూచుకొనకుండ ఎప్పుడు పోయి నిలిచినను సగటున మూఁడు నిమిషములే వేచియుండవలెను. రెండు గంటల కొక బండి వచ్చుచోట, అట్లే పోయి నిలిచినవాఁడు సగటున ఒక గంట వేచియుండవలెను. మొదటివాఁడు బండిని గుఱించి తలంపనే తలంపఁడు. రెండవవాఁడు దినమంతయు బండినిగుఱించియే తలంచును. కారు లేని బ్రతుకునకు ప్రాణము బండియొక్క వేగమునందుగాక, అది యెంత తఱచుగా వచ్చుననుటయందే కలదు. దీనిని విద్యార్థులు మఱవరాదు.

రెండవకారణము స్థలము. నిలిపియుంచిన ఒక్క కారునకు రమారమి పండ్రెండు చదరపు మీటర్ల నేల కావలెను. ఇది పేదకుటుంబము నిదురించు గదియంత. వేయి కార్లు నిలుచుటకే పండ్రెండువేల చదరపు మీటర్లు కావలసియుండఁగా, ఇఱుకైన పాతపట్టణమున అంత చోటెక్కడిది? కావున పట్టణమున కారుగలవానికిఁగూడ దానిని నిలుపుచోటు వెదకుకొనుట యొక బాధ. నిలిపినందుకు సొమ్ము చెల్లించుట మఱియొక బాధ. లండను నడుమకుఁ గారు తెచ్చువారు 2003వ సంవత్సరమునుండి ప్రత్యేక సుంకము చెల్లించుచున్నారు. స్టాక్‌హోమ్‌లో 2006లో పరీక్షార్థమై యట్టి సుంకము విధించి, మఱుసటి సంవత్సరమునుండి స్థిరపఱచిరి. ఇట్లు పట్టణమున కారు లేకుండుట సుఖము, ఉండుట భారమునగును.

అయినను పట్టణములన్నియు వానంతటవియే యిట్లు కాలేదు. అచ్చటి ప్రజలు ఆలోచించి నిర్ణయించుకొనిరి. స్విట్జర్లండులోని జూరిచ్ పట్టణమే యిందుకు దృష్టాంతము. భూమిక్రింద నడచు రైలుమార్గములు నిర్మించునట్టి యొక గొప్ప పథకము 1973లో ప్రజల యోటునకు రాఁగా, వారు దానిని త్రోసివేసిరి. 1977లో ట్రాములకును, బస్సులకును వీధులలో ముందుగాఁ దారి యిచ్చుటకై పదిసంవత్సరములలో 20 కోట్ల ఫ్రాంకులు వెచ్చించుటకు సమ్మతించిరి. అంతట కూడలి దీపములు ట్రాము వచ్చుట గుర్తించి దారి విడుచునట్లు అమర్పఁబడినవి. పట్టణమును చుట్టుపట్ల గ్రామములతోఁ గలుపు రైళ్లకు 1981లో ఓటు వేసిరి. ఆ రైళ్లు 1990లో నడువ నారంభించినవి. వియన్నాలో 2012వ సంవత్సరమున ఏఁటి టిక్కెట్టు వెలను 449 యూరోలనుండి 365 యూరోలకుఁ దగ్గించిరి. అనఁగా దినమున కొక యూరో. పదేండ్లకుఁ బైగా ఆ వెలయే నిలిచెను. కొలఁది సంవత్సరములలోనే యా పట్టణమున నమోదైన కార్ల సంఖ్యకంటె ఏఁటి టిక్కెట్టు గలవారి సంఖ్య హెచ్చినది. వెల తగ్గుటయే దీనికిఁ గారణము కాదు. 1978 మొదలు క్రమముగాఁ బెరిగిన భూగర్భరైలు ముందుగానే సిద్ధముగా నుండెను.

హాలండుదేశపు కథ మఱియొక విధము. ఆ దేశమున యుద్ధానంతరము కార్లు విస్తరించి, వీధులు పిల్లలకు మృత్యుస్థానములైనవి. 1971వ సంవత్సరమొక్కదానియందే మూఁడువేలకుఁ బైగా జనులు వీధిప్రమాదములలో మరణించిరి. వారిలో నాలుగువందలకు మించినవారు బాలబాలికలు. తల్లిదండ్రులు వీధులలో బైఠాయించి, పిల్లల వధ నాఁపుఁడని ఘోషించిరి. 1973లో చమురుకఱవు వచ్చినపుడు ప్రభుత్వము కొన్ని యాదివారములలో కార్లు నడుపరాదని శాసింపఁగా, పిల్లలు రాజమార్గములలో బైసికిళ్లు త్రొక్కి యాడుకొనిరి. వీధి యెవరిదను ప్రశ్న యా యాదివారములలో జనుల కన్నులయెదుట నిలిచెను. 1977లో గ్రోనింగెన్ పట్టణమువారు తమ నగరమధ్యమును నాలుగు భాగములుగా విభజించిరి. ఒక భాగమునుండి మఱియొక భాగమునకు కారు నేరుగాఁ బోరాదు. వెలుపలి చుట్టుబాటపట్టి తిరిగి రావలెను. బైసికిలుపై నున్నవాఁడును, నడచువాఁడును నేరుగాఁ బోవచ్చును. ఈ చిన్న యేర్పాటుచే కారు చుట్టుదారియు, బైసికిలు దగ్గఱదారియు నైనవి. నేఁడు ఆ దేశపు పిల్లలు తల్లిదండ్రుల సాయము లేకుండ బైసికిళ్లపై బడికిఁ బోవుట సామాన్యదృశ్యము.

ఇంతవఱకు పట్టణముల మేలు చెప్పితిమి. ఇఁక పల్లెల కష్టము చెప్పవలెను. నాలుగువందలమంది గల యొక గ్రామము నూహింపుఁడు. దినమునకు నూఱుమంది పనికిఁగాని, బడికిఁగాని, వైద్యునియొద్దకుఁగాని ఊరు దాఁటవలసినవారనుకొందము. అందఱును బస్సెక్కిరేని, ఉదయమున రెండుబస్సులు నిండును. వారిలో ఎనుబదిమంది కార్లు కొనిరనుకొందము. మిగిలిన యిరువదిమంది వేర్వేఱు వేళల, వేర్వేఱు దిక్కులకుఁ బోవలసినవారు. కాఁబట్టి యొక్కొక బస్సులో ముగ్గురు నలుగురికంటె నుండరు. బస్సునకు నష్టము వచ్చును. దినమునకు ఎనిమిదిమాఱులు వచ్చునది నాలుగుమాఱులే వచ్చును. అంతట ఆ యిరువదిమందిలోఁ గొందఱు విసిగి, అప్పుచేసియైనను కారు కొందురు. బస్సు మఱింత ఖాళీయగును. తుదకు ఆదివారములలో మానివేయఁబడును, పిమ్మట పూర్తిగా నిలిచిపోవును. ఇది సుడిగుండము వంటిది. ఎవరును చెడుతలంపుతోఁ జేయరు, అయినను అందఱును అందులో మునుఁగుదురు.

బ్రిటనులో నీ సుడిగుండము స్పష్టముగాఁ గనఁబడినది. 1963లో రైల్వేసంస్థాధ్యక్షుఁడగు రిచర్డ్ బీచింగ్ యొక నివేదికను ప్రకటించి, నష్టము దెచ్చుచున్న రెండువేలకుఁ బైగా స్టేషనులను, అయిదువేల మైళ్ల మార్గములను మూసివేయవలెనని సూచించెను. ఆ మార్గములలోఁ బెక్కు నిజముగనే మూయఁబడినవి. స్కాట్లండు రాజధానియగు ఎడిన్‌బరోనుండి సరిహద్దు కొండలమీఁదుగా కార్లైల్‌నకుఁ బోవు మార్గము 1969 జనవరిలో మూయఁబడెను. కడపటి రైలు వచ్చిన రాత్రి న్యూకాసిల్‌టన్ అను చిన్నయూరి ప్రజలు పట్టాలు దాఁటు గేటు మూసి, రైలును గొంతసేపు పోనీయక నిలిపిరి. వారికి ముందు నిలిచిన గ్రామపాదిరిగారు నిర్బంధింపఁబడిరి. అయినను మార్గము నిలువలేదు. నలువదియాఱు సంవత్సరముల పిమ్మట, 2015 సెప్టెంబరులో, ఆ మార్గమున ఎడిన్‌బరోనుండి ట్వీడ్‌బ్యాంక్ వఱకు రమారమి ముప్పదియైదు మైళ్లు తిరిగి తెఱవఁబడినవి. మొదటి సంవత్సరములోనే పదిలక్షలకు మించిన ప్రయాణములు జరిగినవి. కాని ఆనాఁడు గేటు మూసిన న్యూకాసిల్‌టన్ ఆ మార్గమున కింకను దక్షిణముననున్నది. రైలు తెఱవఁబడినపుడు ఆ యూరివఱకు రాలేదు.

రైళ్లు పోయినను బస్సులుండవా యని మీరడుగవచ్చును. లండనులో బస్సుమార్గములను నిర్ణయించు నధికారము ప్రభుత్వసంస్థ చేతిలోనే యుంచఁబడెను. బ్రిటనులోని యితరప్రాంతములలో 1986 అక్టోబరునుండి బస్సుసంస్థలు తమకు లాభము గల మార్గములను తామే యెంచుకొనవచ్చునని చట్టము చేయఁబడెను. లాభము లేని పల్లెబస్సులు స్థానికసభల ధనసహాయముపైఁ బడినవి. ఆ సభల యొద్ద ధనము తగ్గినపుడెల్ల మొదట కొఱఁతపడునవి యా బస్సులే.

ఇంతకంటె లోఁతైన కారణ మొకటి కలదు. కారు వచ్చి ప్రయాణసాధనమును మాత్రమే మార్చలేదు, దూరమునే మార్చినది. పూర్వము ప్రతి పల్లెలోను రొట్టెలంగడియు, తపాలాకచ్చేరియు, చిన్నబడియు నుండెడివి. అందఱకును కార్లున్నవి గదా యని తలంచి, చిన్న యంగడులు మూఁతపడఁగా, పట్టణపు వెలుపల రాజమార్గముప్రక్క నొక మహావిపణి వెలసినది. చిన్నబళ్లను గలిపి దూరమున నొక పెద్దబడిగాఁ జేసిరి. గ్రామవైద్యుఁడు వృద్ధుఁడై పని విరమింపఁగా, ఆ స్థానమునకు వేఱొకఁడు రాఁడాయెను. పూర్వము కాలినడకచే తీఱిన పనులకు నేఁడు పది పదునైదు కిలోమీటర్లు పోవలెను. కాఁబట్టి పల్లెలో కారు లేనివాఁడు పూర్వపు కారులేని పల్లెవానికంటెను హీనస్థితిలో నున్నాఁడు. తాతకు కారు లేదు, అవసరమును లేదు. మనుమనికి కారు లేదు, అవసరము మాత్ర మున్నది.

ఎనుబదియేండ్ల వృద్ధస్త్రీల నిద్దఱను మనస్సున నూహింతము. ఒకతె వియన్నాలో నున్నది. కన్నులు మందగించినవి, కారు నడుపలేదు. ఆమె యింటినుండి మెల్లఁగా నడచి, నేలతో సమముగానున్న ట్రామునెక్కి, వైద్యునిఁ జూచి, కూరలు కొని, స్నేహితురాలితో మాటలాడి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరును. రెండవయామె ఫ్రాన్సుదేశపు నడిమి కొండపల్లెలో నున్నది. ఆమెకును కన్నులు మందగించినవి. కారు నడుపుట మానినచో నిల్లే చెఱసాల యగును. మానకున్నచో త్రోవలో నెవరికి హానియగునో తెలియదు. ఇద్దఱికిని వయస్సొక్కటే, దేహబలమొక్కటే. ఒకతె స్వతంత్రురాలు, రెండవది పరాధీన. ఈ భేదమును కలిగించినది ధనము కాదు, వారు నివసించు చోటు. వృద్ధులను గుఱించి చెప్పినదే గ్రుడ్డివారికిని, రోగులకును, బీదలకును, పదునెనిమిదేండ్లు నిండని పిల్లలందఱికిని అన్వయించును. కారు నడుపఁగలవారిని మాత్రమే మనుష్యులుగా నెంచి కట్టిన ఊరు సగము మందిని లెక్కలోనుండి తీసివేసినట్లే.

ఈ సంగతి మఱచి పట్టణమునందు కూర్చుండి చట్టములు చేసినచో నేమగునో ఫ్రాన్సులో 2018లో వెల్లడియైనది. వాతావరణరక్షణకని ప్రభుత్వము మోటారుచమురుపై పన్ను హెచ్చింపఁదలఁచెను. పారిసు నడుమ భూగర్భరైలుపైఁ దిరుగువానికి దానివలన బాధ లేదు. పని కొఱకు దినమునకు అఱువది కిలోమీటర్లు కారులోఁ బోయి వచ్చు పల్లెకూలికి అది నెలజీతమునుండి కోఁత. నవంబరు 17వ తేదిని లక్షలకొలఁది జనులు పచ్చని చొక్కాలు ధరించి కూడళ్లలో నిలిచి దారులాఁపిరి. ఆ చొక్కా యెక్కడిదనఁగా, త్రోవలో బండి చెడినపుడు ధరించుటకై ప్రతి కారులోను ఉంచుకొనవలెనని చట్టము విధించినదే. అల్లరులును జరిగినవి, వానిని మేము మెచ్చము. తుదకు ప్రభుత్వమా పన్ను హెచ్చింపును మానుకొనెను. గాలి చెడకుండఁ గాపాడవలెననుట సత్యము. వేఱు దారి చూపక ఉన్నదారిని ఖరీదు చేయుట న్యాయము కాదనుటయు సత్యమే.

అట్లయిన పల్లెలకు మందు లేదా? కలదు. స్విట్జర్లండువారు దానిని చాలవఱకు కనుఁగొనిరి. 1982లో వారు దేశమంతటను గంటగంటకు రైలు వచ్చునట్లు కాలపట్టిక నేర్పఱచిరి. 1987లో మఱింత పెద్ద పథకమునకు ప్రజలు ఓటు వేయఁగా, 2004 డిసెంబరునాఁటికి దానిలో ముఖ్యభాగము నెఱవేఱెను. దాని కిటుకు తెలిసికొనఁదగినది. పెద్ద స్టేషనులలో నలుదిక్కులనుండి రైళ్లు గంట కొట్టుటకుఁ గొంచెము ముందుగా వచ్చి చేరును. కొంచెము తరువాత నలుదిక్కులకును బయలుదేఱును. నడుమనున్న కొలఁది నిమిషములలో ప్రయాణికులొక బండినుండి మఱియొకదానికి మాఱుదురు. స్టేషను వెలుపల పల్లెలకుఁ బోవు పసుపుపచ్చని తపాలాబస్సు రైలుకొఱకు వేచియుండును. ఇందుకొఱకు రెండు పెద్దస్టేషనులనడుమ ప్రయాణము గంటకుఁ గొంచెము తక్కువగా నుండవలెను. జూరిచ్ బెర్నులనడుమ క్రొత్త మార్గము వేసి, ప్రయాణకాలమును 56 నిమిషములకుఁ దగ్గించుటకు కారణమిదియే. మిక్కిలి వేగము వారికి ముఖ్యము కాదు. బండ్లు కలిసికొనుటకు తగినంత వేగము చాలును. తపాలాబస్సు 1906లో బెర్ను పట్టణమునుండి మొదట నడచినది. కొండమలుపులలో దాని కొమ్ముబూర మ్రోఁగించు మూఁడు స్వరములు, విల్లియం టెల్ కథపై రోస్సినీ కూర్చిన సంగీతనాటకమునుండి తీసికొన్నవి. ఆ స్వరములు విని పల్లెవారు గడియారము చూచుకొందురు.

ఇతరోపాయములును కలవు. హాలండులో 1977నుండి పొరుగుబస్సులు నడచుచున్నవి. ఎనిమిదిమంది ప్రయాణికులకు సరిపడు చిన్నబండిని ఆ యూరివారే జీతము గొనక వంతులవారీగా నడుపుదురు. బండిని, ఇంధనమును ప్రభుత్వపక్షము సమకూర్చును. జర్మనీలో గొన్నిచోట్ల ముందుగా ఫోను చేసి పిలిచిననే వచ్చు బస్సులు కలవు. ఖాళీగాఁ దిరుగు ఖర్చు దీనివలనఁ దప్పును. స్విట్జర్లండులో 1997లో నేర్పడిన సహకారసంఘమొకటి కార్లను గంటలలెక్కను అద్దెకిచ్చుచున్నది. ఏఁటికి నాలుగుమాఱులు కారు కావలసినవాఁడు ఏఁడాదిపొడుగునను దానిని పోషింప నక్కఱలేదు.

టిక్కెట్టు వెల తగ్గించిన చాలునని కొందఱందురు. లక్సెంబర్గుదేశము 2020 ఫిబ్రవరి 29వ తేదినుండి దేశమంతటను బస్సులలోను, ట్రాములలోను, రెండవతరగతి రైళ్లలోను రుసుము మానివేసెను. అయినను ఐరోపాసమాఖ్యలో జనసంఖ్యనుబట్టి కార్లు మిక్కిలి హెచ్చుగాఁ గల దేశములలో నదియు నొకటిగానే నిలిచియున్నది. జర్మనీలో 2022వ సంవత్సరమున మూఁడునెలలు తొమ్మిదియూరోల నెలటిక్కెట్టును, 2023 మేనెలనుండి 49 యూరోల నెలటిక్కెట్టును పెట్టిరి. తరువాత దీని వెల హెచ్చినది. పట్టణవాసులు సంతోషించిరి. దినమునకు రెండే బస్సులు వచ్చు పల్లెలవారు ఆ టిక్కెట్టు కొని యేమి చేయుదుమని యడిగిరి. మన తెలంగాణమున 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగష్టునుండియు స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము కల్పింపఁబడినది. అది గొప్పమేలు. కాని బస్సు రాని యూరి యాఁడుబిడ్డకు ఉచితమును, వెలయు నొక్కటే. టిక్కెట్టు తరువాత, ముందు బండి రావలెను.

కారును నిందించుట మా యుద్దేశము కాదు. అర్ధరాత్రమున పల్లెలోని ప్రసవమునకుఁ బోవు మంత్రసానికి, పంటను చేర్చుకొను రైతునకు, కాళ్లు లేనివానికి కారు దేవునివరమువంటిది. పట్టణమున కారు లేకుండ బ్రతుకువాఁడు తన సద్గుణముచే నట్లు చేయుచున్నానని గర్వింపరాదు. ఎవరో డెబ్బదియేండ్ల క్రిందట పట్టాలు పీఁకివేయక యుంచినందున అది సాధ్యమైనది. పల్లెలో కారు నడుపువానిని దుర్వ్యయపరుఁడని నిందింపరాదు. ఎవరో వాని స్టేషను మూసిరి.

ఆ దేశములకుఁ బోవ సిద్ధపడు మన విద్యార్థులకు రెండుమాటలు. వెలుపలియూళ్లలో అద్దె తక్కువయని వెంటనే యొప్పుకొనకుఁడు. ఆ యింటినుండి స్టేషను నడకదూరములో నున్నదా, రాత్రి కడపటి బస్సు ఎన్నిగంటలకు, ఆదివారము బస్సున్నదా యని ముందు విచారింపుఁడు. తగ్గిన యద్దెను కారు మ్రింగివేయవచ్చును. బైసికిలు త్రొక్కుట యిచ్చటనే నేర్చుకొని పొండు. అచ్చట నది పేదఱికపు గుఱుతు కాదు, ఆచార్యులును, మంత్రులును త్రొక్కునదే.

తుదిగా నొకమాట చెప్పి ముగింతుము. ఒక యూరు మంచిదా కాదా యని తెలిసికొనుటకు అచ్చట నెన్ని కార్లున్నవని లెక్కింప నక్కఱలేదు. పండ్రెండేండ్ల బాలికయు, ఎనుబదియేండ్ల అవ్వయు ఎవరిని బ్రతిమాలక తమంతట తాము బడికిని, వైద్యునికడకును, బంధువుల యింటికిని పోయి, చీఁకటి పడకముందు క్షేమముగా నిల్లు చేరఁగలరా యని చూచిన చాలును. చదువరులు తమ తమ యూళ్లకు సెలవులకుఁ బోయినపుడు ఈ పరీక్ష నొకమాఱు చేసి చూచెదరుగాక.